సౌండ్‌బార్ పోయింది, సబ్‌వూఫర్ మిగిలింది

ఖమ్మం నుంచి ఒక పాఠకుడు మూడు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. ఆయన తండ్రి ఆర్టీసీలో డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యారు. ఇప్పుడు 74 ఏళ్లు. ఆరేళ్ల కిందట తన సొంత డబ్బుతో హాల్లోకి ఒక సౌండ్‌బార్ (పొడుగాటి స్పీకరు), దాంతో పాటు వచ్చే వైర్‌లెస్ సబ్‌వూఫర్ (బేస్, అంటే లోతైన శబ్దం వినిపించే డబ్బా) కొనుక్కున్నారు. రోజూ సాయంత్రం ఘంటసాల, సుశీల పాటలు దాని మీదే వినేవారు. ఈ వానాకాలంలో ఒక రాత్రి కరెంటు పోయి వచ్చాక సౌండ్‌బార్ మళ్లీ వెలగలేదు. సర్వీస్ సెంటర్ వాళ్లు విప్పి చూడకుండానే, ఈ మోడల్‌కి బోర్డు రాదు, కొత్తది కొనుక్కోమన్నారు. సబ్‌వూఫర్ మాత్రం బతికే ఉంది. ప్లగ్ పెడితే దాని నీలం లైటు కొట్టుకుంటూ ఉంటుంది.

ఇంతలో బెంగళూరుకు మకాం మారుస్తూ తమ్ముడు తన పాత ఏవీ రిసీవరు (పాటల, టీవీ శబ్దాన్ని పెంచి స్పీకర్లకు పంపే పెట్టె), రెండు చిన్న స్పీకర్లు వీళ్లింట్లో పెట్టి వెళ్లాడు. రిసీవరు వెనక ‘సబ్‌వూఫర్ అవుట్’ అని ఒక పిన్ను ఉంది. సబ్‌వూఫర్ వెనక మాత్రం కరెంటు వైరు, ఒక చిన్న బటన్ తప్ప ఏమీ లేవు. దగ్గరి మెకానిక్, లోపలి స్పీకరు వైర్లు బయటికి లాగి నేరుగా రిసీవరుకి కలిపేద్దాం, ఐదొందలివ్వండి అన్నాడు. పాలిటెక్నిక్ చదువుతున్న మేనల్లుడు, లోపలున్న వైర్‌లెస్ ముక్క పీకేసి అక్కడ సిగ్నల్ ఇస్తే చాలంటున్నాడు. ఐదేళ్ల పాప తిరిగే ఇంట్లో కరెంటు డబ్బా విప్పడానికి వీల్లేదని ఈయన భార్య గట్టిగా చెప్పారు. వారం నుంచి ఇంట్లో ఇదే టెన్షన్. “నాన్న ఏమీ అడగరు. కానీ రోజుకోసారి ప్లగ్ పెట్టి, ఆ లైటు కాసేపు చూసి, తీసేస్తున్నారు. నా దగ్గర మూడు వేలున్నాయి. ఎవరి మాట వినను?” అని ఉత్తరం ముగించారు.

మీ ఉత్తరంలో నాన్నగారు లైటు చూసి ప్లగ్ తీసేస్తున్నారన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అందుకే ముందు ఆ లైటు సంగతే చెప్తాను. లైటు కొట్టుకుంటోందంటే సబ్‌వూఫర్ తన సౌండ్‌బార్ కోసం వెతుకుతోందని. అది దొరికితే లైటు నిలకడగా వెలుగుతుంది. సౌండ్‌బార్ చచ్చిపోయి ఉన్నంతకాలం అది అలా వెతుకుతూనే ఉంటుంది. రేపు తనంతట తనే కలుస్తుందేమోనని నాన్నగారు ఎదురుచూస్తూ ఉండవచ్చు. కలవదు. ఆ మాట ఆయనకు ఇవాళే, కూర్చోబెట్టి చెప్పండి. డబ్బా పాడవలేదని, దాని జోడీ పోయిందని చెబితే ఆయనకు సులువుగా అర్థమవుతుంది.

వైర్‌లెస్ అన్న మాట వల్ల చాలామంది పొరబడతారు. బ్లూటూత్ స్పీకరులాగా ఇది కూడా ఫోనుకో, వేరే ఆంప్లిఫయరుకో కలుస్తుందనుకుంటారు. సౌండ్‌బార్‌తో వచ్చే సబ్‌వూఫర్లు చాలావరకు అలా కలవవు. వాటి మధ్య నడిచే రేడియో సిగ్నల్ సాధారణంగా 2.4 లేదా 5.8 గిగాహెర్ట్జ్‌లో ఉంటుంది కానీ, ఆ కంపెనీ తన సెట్టు కోసం రాసుకున్న పద్ధతిలోనే నడుస్తుంది. వెనకున్న ఆ చిన్న బటన్ పెయిరింగ్ బటన్. అది కూడా అదే మోడల్ సౌండ్‌బార్‌తో కలవడానికే. మీ తమ్ముడి రిసీవరుకి ఆ భాష రాదు. ఏ సెట్టింగూ మార్చి నేర్పలేం.

అయితే ఆ డబ్బాలో ఉన్నవి రెండు వేర్వేరు వస్తువులని గుర్తుపెట్టుకోండి. ఒకటి వెనక పలక మీదుండే ఎలక్ట్రానిక్స్: పవర్ సప్లై, ఆంప్లిఫయరు, వైర్‌లెస్ రిసీవరు. ఇది పూర్తిగా సౌండ్‌బార్ మీద ఆధారపడింది. రెండోది ముందో, కిందో ఉండే పెద్ద స్పీకరు, దాని చెక్క పెట్టె. ఈ రెండో దానికి ఏ కంపెనీతోనూ పని లేదు. రెండు వైర్లలో పాట సిగ్నల్ సరిపడా బలంగా వస్తే చాలు, మోగుతుంది. మీ ఇంట్లో జరుగుతున్న వాదన అంతా మొదటి సగాన్ని ఎలా లొంగదీయాలన్న దాని మీదే నడుస్తోంది. నేను దాన్ని వదిలేసి రెండో సగాన్ని వాడుకోమంటాను.

దానికన్నా ముందు ఒక్క పని చేయండి. మీ సౌండ్‌బార్‌కి కరెంటు నేరుగా వెళ్తుందా, లేక ల్యాప్‌టాప్‌కి ఉన్నట్టు మధ్యలో నల్లటి అడాప్టర్ ఉందా? ఉత్తరంలో రాయలేదు. అడాప్టర్ ఉంటే, కరెంటు పోయి వచ్చినప్పుడు ముందు దెబ్బతినేది చాలాసార్లు అదే. దాని మీద అవుట్‌పుట్ ఎన్ని వోల్టులో రాసి ఉంటుంది. మల్టీమీటరు పెట్టి ఆ వోల్టేజీ వస్తోందో లేదో చూడటం రెండు నిమిషాల పని. రాకపోతే అదే వోల్టేజీ, అంతే ఆంపియర్లు లేదా అంతకన్నా ఎక్కువ, అదే పిన్ను ఉన్న అడాప్టర్ తెస్తే మీ పాత సెట్టు ఎప్పటిలాగే మోగవచ్చు. విప్పి చూడకుండా బోర్డు పోయిందని చెప్పిన మాటను నేను తుదితీర్పుగా తీసుకోను. సౌండ్‌బార్ లేచి కూర్చుంటే మిగతా ఉత్తరం మీరు చదవనక్కర్లేదు. రిసీవరు మీ గదిలో పెట్టుకుని, హాలు నాన్నగారికి ఇచ్చేయండి.

అడాప్టర్ బాగానే ఉండి సౌండ్‌బారే పోయిందనుకుందాం. ఇప్పుడు ఇంట్లో ముగ్గురి మాటలూ ఒక్కొక్కటిగా చూద్దాం.

మెకానిక్ చెప్పింది వద్దు. ఐదొందలతో పోదు, తమ్ముడిచ్చిన రిసీవరు కూడా పోయే ప్రమాదం ఉంది. రిసీవరు వెనక స్పీకరు టెర్మినళ్ల దగ్గర అది ఎన్ని ఓమ్‌ల (కరెంటును స్పీకరు ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత) స్పీకర్లకు సరిపోతుందో రాసి ఉంటుంది. ఎక్కువ వాటికి 6 నుంచి 16 ఓమ్‌లు. సౌండ్‌బార్ సబ్‌వూఫర్లలో ఉండే స్పీకర్లు తరచుగా 3 లేదా 4 ఓమ్‌లవి. ఓమ్‌లు తగ్గేకొద్దీ స్పీకరు లాగే కరెంటు పెరుగుతుంది. రిసీవరు వేడెక్కి ప్రొటెక్షన్‌లోకి వెళ్లి ఆగిపోతుంది. ఆగకపోతే లోపలి అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు కాలతాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. స్పీకరు టెర్మినళ్లలో వచ్చేది పాట మొత్తం, బేస్ ఒక్కటే కాదు. సబ్‌వూఫర్ అవుట్ పిన్నులో వచ్చేది ఒట్టి బేసే గానీ, అది సన్నటి సిగ్నల్. దానితో ఏ స్పీకరూ నేరుగా మోగదు. మధ్యలో ఒక ఆంప్లిఫయరు తప్పకుండా ఉండాలి. మెకానిక్ మరిచిపోయింది ఆ మధ్యలో ఉండాల్సిన దాన్నే.

మేనల్లుడి ఆలోచన తెలివైనది. ఆ వయసులో అలా ఆలోచించడం నాకు నచ్చింది కూడా. వైర్‌లెస్ ముక్క నుంచి ఆంప్లిఫయరుకి మామూలు ఆడియో వెళ్లే మోడళ్లలో అది పనిచేస్తుంది, అసలు ఆంప్లిఫయరు, పవర్ సప్లై రెండూ మిగులుతాయి, ఖర్చు ఒక్క వైరే. కానీ చాలా సబ్‌వూఫర్లలో ఆ ముక్క నుంచి వెళ్లేది అంకెల రూపంలో ఉండే సిగ్నల్. ఐ2ఎస్ అంటారు. ఆంప్లిఫయరు చిప్ కూడా ఆ అంకెల్నే తీసుకుంటుంది. అలాంటి బోర్డులో మామూలు ఆడియో ఇవ్వడానికి చోటే ఉండదు. పైగా అక్కడొక చిన్న కంట్రోలర్ చిప్ కూర్చుని, సౌండ్‌బార్‌తో లింకు కుదిరేదాకా ఆంప్లిఫయరును మ్యూట్‌లో ఉంచుతుంది. మేనల్లుడు వారాలు కష్టపడి చివరికి చప్పుడు రాకపోతే అది అతని తప్పు కాదు.

మీ ఆవిడ భయం విషయానికొస్తే, ఆమె చెప్పింది నూటికి నూరు పాళ్లూ నిజం. ఆ వెనక పలక మీద పవర్ సప్లై ఉంది. గోడ ప్లగ్గులోని 230 వోల్టుల ఏసీని అది ముందు డీసీగా మారుస్తుంది. అక్కడి పెద్ద కెపాసిటరులో దాదాపు 325 వోల్టులుంటాయి. ప్లగ్ తీసేసిన తర్వాత కూడా ఆ చార్జి కాసేపు నిలిచే ఉంటుంది. అలవాటు లేని చెయ్యి తగిలితే ప్రాణం మీదికి రావచ్చు. వెనక పలక విప్పవద్దని ఆమె అంటే ఆ మాటకు కట్టుబడండి. నేను చెప్పబోయే దారిలో ఆ పలక జోలికి వెళ్లే పని లేదు.

ఆ దారి ఇది. స్పీకరు ఉన్న వైపు బట్ట గానీ జాలీ గానీ ఉంటుంది. దాన్ని తీస్తే స్పీకరు చుట్టూ నాలుగో, ఆరో, ఎనిమిదో స్క్రూలు కనపడతాయి. ప్లగ్ తీసి ఒక రాత్రంతా వదిలేసి, మర్నాడు ఆ స్క్రూలు విప్పి స్పీకరును మెల్లగా బయటికి లాగండి. దాని వెనక రెండు వైర్లు క్లిప్పులతో తగిలించి ఉంటాయి. అవి ఊడదీయండి. వాటి కొసలకు ఇన్సులేషన్ టేపు చుట్టి లోపలే వదిలేయండి. చెయ్యి లోపల బోర్డు వైపు పెట్టకండి. కరెంటు వైరు ఊడొచ్చే రకమైతే తీసి దాచండి. ఊడిరాకపోతే ప్లగ్గు దగ్గర టేపు చుట్టి, ఎవరూ పెట్టకుండా పెట్టె వెనకే కట్టేయండి. వెనక పలక దాని చోట్లోనే ఉంటే పెట్టెలో గాలి ఎక్కడా లీకవ్వదు, బేస్ చెడదు. ఇంకో లాభం కూడా ఉంది. ఎప్పుడైనా అదే మోడల్ సౌండ్‌బార్ సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే రెండు క్లిప్పులు మళ్లీ తగిలిస్తే చాలు, డబ్బా ఎప్పటిలా అయిపోతుంది. నాన్నగారి వస్తువును మీరు కోయడం లేదు, కాసేపు పక్కదారి పట్టిస్తున్నారు అంతే.

స్పీకరు చేతిలో ఉండగానే మల్టీమీటరును ఓమ్‌లలో పెట్టి దాని రెండు టెర్మినళ్ల మధ్య కొలవండి. ముందు మీటరు రెండు ముల్లులూ ఒకదానికొకటి తాకించి ఎంత చూపిస్తుందో రాసుకోండి, ఆ అంకె తీసేయాలి. మిగిలింది 2.5 నుంచి 2.8 మధ్య ఉంటే అది 3 ఓమ్‌ల స్పీకరు. 3.2 నుంచి 3.6 మధ్య ఉంటే 4 ఓమ్‌లది. స్పీకరు వెనక రాసి ఉన్న అంకెకన్నా మీటరు కొంచెం తక్కువే చూపిస్తుంది, కంగారుపడకండి. కొనాల్సిన బోర్డు ఈ అంకె మీదే ఆధారపడి ఉంటుంది.

బోర్డంటే చేతిలో ఇమిడే చిన్న ఆంప్లిఫయరు. టీపీఏ3116 అనే టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్‌తో చేసిన బోర్డులు మన దగ్గర బాగా దొరుకుతాయి. సబ్‌వూఫర్ కోసమే చేసినవి, వాల్యూం నాబుతో పాటు బేస్ ఫిల్టరు నాబు ఉన్నవి అడగండి. ఆన్‌లైన్‌లో ఉంటాయి. హైదరాబాద్ వెళ్లే పని ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో చూసి, మోగించి తీసుకోవచ్చు. మీది 3 ఓమ్‌లని తేలితే ‘మోనో, పీబీటీఎల్’ అని రాసి ఉన్న బోర్డే తీసుకోండి. చిప్‌లోని రెండు చానళ్లూ కలిసి ఒకే స్పీకరును మోస్తాయి కాబట్టి తక్కువ ఓమ్‌లు దానికి భారం కావు. 4 ఓమ్‌లైతే మామూలుదీ సరిపోతుంది.

దానికి కరెంటు ఇవ్వడానికి ఇంట్లో పాత ల్యాప్‌టాప్ అడాప్టర్ ఉందేమో వెతకండి. 19 వోల్టులది 4 ఓమ్‌ల స్పీకరుకి 40 వాట్ల దాకా ఇస్తుంది. పాటలకు, మామూలు హాలుకి అది బోలెడు. 24 వోల్టుల అడాప్టర్ కొంటే ఇంకాస్త బలం వస్తుంది, కానీ కింద చెప్పబోయే కారణం వల్ల మీకు నేను 19 వోల్టులే మేలంటాను. ఇలా చేస్తే పాపకు అందే చోట 230 వోల్టులు ఎక్కడా బయటపడవు. అడాప్టర్ మూతపెట్టి సీలు చేసి ఉంటుంది, దాని తర్వాత ఉండేది తక్కువ వోల్టుల డీసీ. మీ ఆవిడకు ఇది చూపించి, ఆమె సరేనన్నాకే మొదలుపెట్టండి. బోర్డును ఒక ప్లాస్టిక్ డబ్బాలో బిగించి, గాలి ఆడటానికి కంతలు పెడితే చూడటానికీ బాగుంటుంది. ఆ పని మేనల్లుడికి ఇవ్వండి. అతని ఉత్సాహం వృథా పోదు.

స్పీకరు నుంచి వైరు బయటికి తేవడానికి పెట్టెకు బేస్ కోసం ఉండే గొట్టం గుండా లాగితే చాలు. కానీ గట్టిగా పెట్టినప్పుడు గాలి వేగానికి వైరు కొట్టుకుని బుర్రుమంటుంది. పెట్టె అడుగున వైరంత కంత వేసి, చుట్టూ ఎం-సీల్ పెడితే ఆ బాధ ఉండదు. వైరు 1 చదరపు మిల్లీమీటరుకు తగ్గకుండా చూసుకోండి. రిసీవరు సబ్‌వూఫర్ అవుట్ నుంచి బోర్డుకి ఒకే ఒక్క ఆర్‌సీఏ వైరు (టీవీలకు, ప్లేయర్లకు వాడే గుండ్రటి పిన్ను ఆడియో వైరు). వైరు హాల్లో అడ్డంగా పడుతుందనుకుంటే, ఆర్‌సీఏ పిన్నులతో 2.4 గిగాహెర్ట్జ్ ట్రాన్స్‌మిటరు, రిసీవరు జంట విడిగా దొరుకుతుంది. అది మధ్యలో పెడితే డబ్బా మళ్లీ వైర్‌లెస్ అవుతుంది. అలాంటి వాటిలో కొన్ని 20 మిల్లీసెకన్ల దాకా ఆలస్యం చేస్తాయి. శబ్దం గాలిలో ఆ కాసేపట్లో దాదాపు 7 మీటర్లు పోతుంది. అంటే తమ్ముడి ఏవీ రిసీవరుకి మీ సబ్‌వూఫర్ 7 మీటర్లు వెనక్కి జరిగినట్టు అనిపిస్తుంది. దాని సెట్టింగుల్లో సబ్‌వూఫర్ దూరం ఆ మేరకు పెంచితే సర్దుకుంటుంది. బ్లూటూత్ జంట మాత్రం కొనకండి. మామూలు బ్లూటూత్‌లో ఆలస్యం 100 నుంచి 200 మిల్లీసెకన్ల దాకా ఉంటుంది. గాయకుడు ఒక చోట, తబలా ఇంకో చోట వినపడుతుంది.

ఇప్పుడు ఈ దారిలో మీరు పోగొట్టుకునేది కూడా చెప్పాలి. చెప్పకపోతే రెండు నెలల్లో స్పీకరు చిరిగిందని మళ్లీ ఉత్తరం రాస్తారు. కంపెనీవాళ్లు ఆ వెనక పలకలోని చిప్‌లో ఈ స్పీకరు, ఈ పెట్టె కోసమే లెక్కలు వేసి పెట్టారు. ఎక్కడ బేస్ పెంచాలి, ఎంత లోతు బేస్‌ను ఆపేయాలి, వాల్యూం ఎక్కువైతే ఎక్కడ బిగపట్టాలి, అన్నీ అందులోనే ఉన్నాయి. మీరు ఆ పలకను పక్కన పెట్టడంతో ఆ కాపలా పోతుంది. గొట్టం ఉన్న పెట్టెల్లో ఒక హద్దు కన్నా లోతైన బేస్ వస్తే స్పీకరు కోన్‌ను (ముందుకీ వెనక్కీ ఊగే గిన్నెలాంటి భాగాన్ని) ఆపేది ఏదీ ఉండదు, అది గుడ్డలా కొట్టుకుంటుంది. సినిమాల్లో పేలుళ్లు వచ్చినప్పుడు ఈ ప్రమాదం. అందుకే 19 వోల్టులు చాలన్నాను. బోర్డులో మరీ లోతైన బేస్‌ను ఆపే ‘సబ్‌సోనిక్’ ఫిల్టరు ఉన్నది దొరికితే ఇంకా మంచిది, 35 లేదా 40 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. దొరక్కపోతే బోర్డు వాల్యూం సగం దాటనివ్వకండి, కోన్ ఊపు కంటికి మరీ ఎక్కువగా కనపడితే తగ్గించండి. పాటలు వినే ఇంట్లో ఇది పెద్ద ఇబ్బంది కాదు. రాత్రిళ్లు యాక్షన్ సినిమాలు పెద్ద శబ్దంతో చూసే ఇల్లయితే ఈ దారి మీకు సరిపడదు. మూడు వేలు అలాగే ఉంచి, ఇంకొంత పోగుచేసి, సొంత ఆంప్లిఫయరు, ఆర్‌సీఏ ఇన్‌పుట్ ఉన్న సబ్‌వూఫర్ కొనుక్కోవడమే మంచిది. అప్పుడు ఏ రిసీవరుతోనైనా కలుస్తుంది, ఇంకెప్పుడూ ఇలా ఇరుక్కోరు. నాన్నగారి డబ్బా మూలన పడుతుందన్నదే దాని నష్టం. అది ఎంత నష్టమో తూచగలిగేది మీరే.

ఇంకొకటి కూడా ఉంది, డబ్బు ఖర్చే లేనిది. సబ్‌వూఫర్ లేకుండా, తమ్ముడిచ్చిన రెండు స్పీకర్లతోనే పది రోజులు వినిపించి చూడండి. రిసీవరులో సబ్‌వూఫర్ ‘నో’ అని పెడితే బేస్ అంతా ఆ స్పీకర్లకే వెళ్తుంది. 1950లు, 60ల నాటి రికార్డింగుల్లో ఇప్పటి పాటల్లో ఉన్నంత లోతు బేస్ ఉండదు. వాటిలో నాన్నగారికి కావలసింది గొంతు, వీణ, తబలా. ఎడమచేతి డగ్గా గుమకం ఒక్కటే ఆ చిన్న స్పీకర్లలో కొంచెం పలచబడవచ్చు. ఆయనకు ఆ లోటు తెలియకపోతే తొందర లేదు. తెలిస్తే, పై పని చేయడానికి అదే సరైన కారణం.

పని మొదలుపెడితే రిసీవరు మెనూలో సబ్‌వూఫర్ ‘యెస్’, ముందు స్పీకర్లు ‘స్మాల్’, క్రాసోవర్ (ఏ హెర్ట్జ్ కన్నా కిందిది సబ్‌వూఫర్‌కి పోవాలన్న హద్దు) 80 హెర్ట్జ్ పెట్టండి. సినిమా శబ్దానికి ప్రమాణాలు పెట్టే టీహెచ్‌ఎక్స్ పద్ధతిలో వాడే అంకె అది. తమ్ముడి స్పీకర్లు మరీ చిన్నవైతే 100 లేదా 120. బేస్‌ను వేరుచేసే పని రిసీవరే చేస్తుంది కాబట్టి బోర్డు మీది ఫిల్టరు నాబు పూర్తిగా ఎక్కువ హెర్ట్జ్ చివరకు తిప్పేయండి. రెండు చోట్లా కోత పెడితే మధ్యలో పాట బోలుగా తయారవుతుంది. ఆన్ చేయగానే సన్నగా హమ్ వినపడితే అది మన కరెంటులోని 50 హెర్ట్జ్ మోత. రిసీవరు, అడాప్టరు రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టి, ఆర్‌సీఏ వైరును కరెంటు వైర్లకు దూరంగా జరపండి. చాలాసార్లు అంతటితో పోతుంది. హమ్ పోతుందని ఎర్త్ పిన్ను విరగ్గొట్టమని ఎవరైనా అంటే వినకండి. డబ్బాను గోడ మూలకు జరిపితే బేస్ పెరుగుతుంది, బయటికి లాగితే తగ్గుతుంది. కింద అంతస్తులో ఎవరైనా ఉంటే అడుగున మందపాటి రబ్బరు షీటు వేయండి.

చివరిది, స్పీకరు వైర్లలో ప్లస్సు, మైనస్సు సరిచూసుకోవడం. స్పీకరు బిగించేముందు 1.5 వోల్టుల పెన్సిల్ బ్యాటరీని రెండు టెర్మినళ్లకు క్షణం తాకించండి. కోన్ బయటికి వస్తే బ్యాటరీ ప్లస్సు తగిలిన వైపే స్పీకరు ప్లస్సు. అయినా గదిలో తేడా రావచ్చు. అందుకని అంతా బిగించాక నాన్నగారిని రోజూ కూర్చునే కుర్చీలోనే కూర్చోబెట్టండి. ఆయనకు బాగా తెలిసిన పాట పెట్టండి. ఒకసారి వైర్లు అలాగే, ఇంకోసారి అడాప్టర్ ఆపి బోర్డు దగ్గర రెండు వైర్లూ తారుమారు చేసి వినిపించండి. ఏ వైపు పెట్టినప్పుడు డగ్గా నిండుగా వినపడిందో ఆయన్నే అడిగి, అలాగే బిగించేయండి.